ఆ పరుపు ఎవరి నడుముకి, చెల్లీ?

ముందు నాకు ఒక్క సంగతి చెప్పు చెల్లీ. నువ్వు కొందామనుకుంటున్న ఆ మెమరీ ఫోమ్ పరుపు మీద పడుకునేది ఎవరు?

ఎందుకు అడుగుతున్నానంటే, మన ఇళ్ళల్లో కొత్త పరుపు వస్తే ముందు అత్తమామల గదిలోకి వెళ్తుంది. లేకపోతే ఇంటాయన నడుం నొప్పి పేరు చెప్పి పెద్ద మంచం మీదికి ఎక్కుతుంది. అదీ కాకపోతే పరీక్షలకి చదువుకునే పిల్లల గదిలోకి పోతుంది. అక్కడున్న పాతది పక్కగదిలోకి జరుగుతుంది. అన్నిటికన్నా పాతది, మధ్యలో గుంట పడింది, ఇల్లాలి వాటాకి వస్తుంది. "నాకేంలే, ఎక్కడ వాలినా నిద్ర పట్టేస్తుంది" అని మనమే అనేస్తాం. తెల్లారుజామున మంచం పట్టె పట్టుకుని, నడుం నెమ్మదిగా నిటారు చేసుకుని వంటింట్లోకి నడిచేదీ మనమే. అందుకే పరుపు మంచిదా కాదా అన్న మాట నేను తరవాత మాట్లాడతాను. ఏ ఒంటికి, ఏ గదికి, ఏ మంచానికి అన్నది ముందు తేలాలి. ఆ ఒళ్ళు నీదే అయితే ఇంకా బాగా తేలాలి.

మెమరీ ఫోమ్ అంటే ఇదీ అని అర్థమైతే సగం అయోమయం పోతుంది. అది కూడా మామూలు సోఫాల్లో వాడే పాలీయురెథేన్ ఫోమ్ జాతిదే. మామూలు ఫోమ్‌ని నొక్కి వదిలితే టక్కున పైకి లేస్తుంది. ఇది లేవదు. ఒంటి వేడి తగిలినచోట మెత్తబడి, బరువు పడినచోట దిగి, మనిషి ఆకారం పట్టి కూర్చుంటుంది. చెయ్యి తీసేశాక అచ్చు కాసేపు నిలిచి మెల్లగా మాయమవుతుంది. 1966లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా వాళ్ళ ఏమ్స్ పరిశోధన కేంద్రం కోసం చార్లెస్ యోస్ట్ అనే ఇంజినీరు దీన్ని తయారుచేశాడు. విమానం సీట్లో కూర్చున్నవాళ్ళకి కుదుపూ దెబ్బా తగ్గాలన్నది అప్పటి ఉద్దేశం. (అప్పటికి మన సికింద్రాబాద్ రైల్వే క్వార్టర్లలో బదిలీ వచ్చిందంటే దూది పరుపుల్ని హోల్డాల్‌లో చుట్టి, బెల్టులు బిగించి రైలెక్కించేవాళ్ళు.) ఆ ఫోమ్ తరవాత హెల్మెట్ల లోపలికి, చక్రాల కుర్చీల సీట్లలోకి, ఆస్పత్రి మంచాల మీదికి వెళ్ళింది. 1990ల మొదట్లో స్వీడన్ కంపెనీ ఒకటి దాన్ని ఇంటి పరుపుగా అమ్మడం మొదలుపెట్టింది. అంటే నడుం నొప్పికి మందుగా పుట్టింది కాదు. ఒకేచోట పడే ఒత్తిడిని చుట్టూ పంచడం దానికి తెలిసిన పని. ఆ పని మాత్రం బాగా చేస్తుంది.

కాబట్టి ఒత్తిడి ఎవరికి బాధో వాళ్ళకే ఇది పనికొస్తుంది. పక్కకి తిరిగి పడుకునేవాళ్ళని తీసుకో. ఒంటి బరువంతా ఒక భుజం మీదా ఒక తుంటి మీదా పడుతుంది. పరుపు గట్టిగా ఉంటే ఆ రెండు చోట్లా నొక్కుకుని, చెయ్యి తిమ్మిరెక్కి, అర్ధరాత్రి అటు తిరగాల్సి వస్తుంది. సన్నగా, ఎముకలు పైకి తేలి ఉన్నవాళ్ళకి ఇంకా బాధ. ఇలాంటివాళ్ళకి రెండంగుళాల మెమరీ ఫోమ్ పొర నిజంగా హాయినిస్తుంది. పక్కమనిషి దొర్లిన ప్రతిసారీ మెలకువ వచ్చే నిద్ర నీదైతే, అప్పుడూ మేలే. స్ప్రింగు పరుపులా ఇది ఊగదు. రాత్రి డ్యూటీ దిగి తెల్లారగట్ల వచ్చి పడుకునేవాళ్ళున్న ఇళ్ళల్లో, మన ఊళ్ళో అలాంటి ఇళ్ళు తక్కువేం కాదు, ఆ ఒక్క గుణానికే డబ్బు పెట్టినా తప్పులేదంటాను.

మరి నడుం నొప్పి సంగతి? అక్కడ నిన్ను కాస్త ఆపాలి. పరుపు కవరు మీద "ఆర్థోపెడిక్" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఆ అక్షరాలు చూసి డాక్టర్లు పరీక్షించి ముద్ర వేశారనుకోకు. మన పెద్దవాళ్ళేమో నడుం నొప్పంటే నేల మీద చాప వేసుకుని పడుకోమంటారు. స్పెయిన్‌లో ఫ్రాన్సిస్కో కోవాక్స్ అనే డాక్టరూ ఆయన సహచరులూ ఇదే ప్రశ్న పట్టుకుని, ఎన్నాళ్ళుగానో నడుం నొప్పితో బాధపడుతున్న 313 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి గట్టి పరుపు, ఇంకో జట్టుకి మధ్యస్థంగా గట్టిగా ఉండే పరుపు ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో వాళ్ళకి తెలియనివ్వలేదు. 90 రోజులు చూశారు. మధ్యస్థంగా ఉన్న పరుపు మీద పడుకున్నవాళ్ళకే పడుకున్నప్పుడూ, లేచేటప్పుడూ నొప్పి ఎక్కువగా తగ్గింది. 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది ఆ సంగతి. అందులో తేలింది ఎంత గట్టిదనం నడుముకి మంచిదన్నది. ఏ ఫోమ్ మంచిదన్నది కాదు. ఆ మధ్యస్థ గట్టిదనం కాయిర్‌తో వచ్చినా, మామూలు ఫోమ్‌తో వచ్చినా, లేటెక్స్‌తో వచ్చినా నడుముకి ఒకటే. పైనుంచి కింది దాకా ఎనిమిదంగుళాలు మెత్తటి మెమరీ ఫోమే ఉంటే తుంటి భాగం కిందికి దిగిపోయి, వెన్ను వంగి, ఉన్న నొప్పి పెరగచ్చు. బోర్లా పడుకునే అలవాటున్నవాళ్ళకి మరీనూ.

ఇంకో మాట, ఇది అక్కగా చెబుతున్నాను. నొప్పి నడుం నుంచి కాల్లోకి పాకుతున్నా, కాలు మొద్దుబారుతున్నా, నొప్పికి తోడు జ్వరం వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా పరుపుల షాపుకి వెళ్ళకు. డాక్టరు దగ్గరికి వెళ్ళు. మూత్రం అదుపు తప్పినా, ఆగిపోయినా ఆ రోజే వెళ్ళు. పరుపు మారిస్తే తగ్గుతుందేమోనని నెలల తరబడి ఓర్చుకునే ఆడవాళ్ళని చూస్తే నాకు గుండె తరుక్కుపోతుంది.

ఇప్పుడు మన ఊరి ఎండ దగ్గరికొద్దాం. నా లెక్కలో అసలు తీర్పు చెప్పేది అదే.

మెమరీ ఫోమ్‌లోకి ఒళ్ళు కొంచెం దిగుతుంది అన్నాను కదా. దిగిన మేరకి ఒంటికి గాలి తగలదు. పైన ఫ్యాను ఎంత తిరిగినా వీపు కింద చేరిన వేడి బయటికి పోదు. చలిదేశాల్లో అది వెచ్చదనం. సికింద్రాబాద్‌లో మే నెలలో పగలు 40 డిగ్రీలు దాటినప్పుడు, పై అంతస్తు వాటాలో కాగిన స్లాబు అర్ధరాత్రి దాకా గదిలోకి వేడి దింపుతున్నప్పుడు, అదే పరుపు చెమటతో నిద్ర లేపుతుంది. మల్కాజిగిరిలోనో వారాసిగూడలోనో పైన ఇంకో అంతస్తు లేని ఇంట్లో ఉండేవాళ్ళకి ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. "ఇందులో జెల్ ఉంది, చల్లగా ఉంటుంది" అంటాడు షాపతను. పడుకున్న కాసేపు చల్లగానే ఉంటుంది. తరవాత ఆ జెల్ కూడా ఒంటి వేడికి వచ్చేస్తుంది. రాత్రంతా ఏసీ వేసుకునే గదైతే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. అప్పుడు ఇంకోటి గమనించాలి. చలికి ఈ ఫోమ్ బిగుసుకుంటుంది. ఏసీ గదిలో, డిసెంబరు రాత్రుల్లో పడుకోగానే గట్టిగా అనిపించి, ఒళ్ళు వెచ్చబడ్డాక మెత్తబడుతుంది. ఎండాకాలం షోరూములో మెత్తగా తగిలింది చలికాలం మన ఇంట్లో అలాగే తగలదు.

నలభైఅయిదు, యాభై మధ్య ఉన్నవాళ్ళకి ప్రత్యేకంగా చెబుతున్నాను, సిగ్గుపడే విషయం కాదు. నెలసరి ఆగే రోజుల్లో రాత్రి ఉన్నట్టుండి ఒంట్లోంచి ఆవిర్లు పుడతాయి. జాకెట్టు తడిసిపోతుంది. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా లేచి కిటికీ దగ్గర నిలబడతాం. ఆ వయసులో ఉండి, ఏసీ లేని గదిలో పడుకునే ఆడమనిషి నిండు మెమరీ ఫోమ్ పరుపు కొనకూడదు. నన్నడిగితే ఇందులో రెండో మాట లేదు. నూలు కవరున్న కాయిర్ పరుపో, డబ్బు పెట్టగలిగితే చిల్లులున్న సహజ లేటెక్స్ పరుపో వేసుకుంటే గాలి ఆడుతుంది.

ఇంకా ఎవరెవరికి వద్దో చెప్పేస్తాను. పురిటికి వచ్చిన కూతురి పక్కన పసిబిడ్డని ఈ పరుపు మీద పడుకోబెట్టవద్దు. పసిబిడ్డకి గట్టిగా, చదునుగా ఉండే పక్క కావాలి, వెల్లకిలా పడుకోబెట్టాలి. మెత్తటి ఫోమ్‌లో ముఖం దిగిపోతే తల తిప్పుకునే శక్తి ఆ బిడ్డకి ఉండదు. ఇందులో బేరం లేదు. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారికి అంచు కూరుకుపోయే పరుపు వేస్తే రాత్రి బాత్రూముకి లేవడమే కష్టమవుతుంది. ఆవిడ పరుపు అంచున కూర్చుంటే పాదాలు రెండూ నేలకి పూర్తిగా ఆనాలి, చెయ్యి ఆనించి లేవగలగాలి. మంచం ఎత్తు, పరుపు మందం కలిపి చూసుకో. మంచం పట్టిన పెద్దవాళ్ళున్న ఇంట్లో మాత్రం మంచి ఫోమ్ పరుపు ఒత్తిడి పుళ్ళు రాకుండా కొంత కాపాడుతుంది. అలాగని రెండు మూడు గంటలకోసారి ఒత్తిగిలించడం మానకూడదు. వాళ్ళకి గాలి పరుపు కావాలా అన్నది డాక్టర్నో నర్సునో అడిగి తేల్చుకో.

ఇక కొనడం. జనరల్ బజార్‌లో చీర కొనేటప్పుడు మనం ఎంత సేపు కూర్చుంటాం! మడత విప్పించి, అంచు చూసి, భుజాన వేసుకుని, వెలుతురులోకి వెళ్ళి మరీ చూస్తాం. పదేళ్ళు వెన్ను ఆనించే పరుపుని మాత్రం అరచేత్తో రెండుసార్లు నొక్కి డబ్బు కట్టేస్తాం. అరచేతికి నడుం సంగతి ఏం తెలుస్తుంది? చెప్పులు విడిచి పడుకో. మొహమాటపడకు, షోరూములో మంచం వేసింది అందుకే. నువ్వు ఇంట్లో ఎలా పడుకుంటావో అలాగే, పక్కకైతే పక్కకి, పది పదిహేను నిమిషాలు. ఈ ఫోమ్ వేడికి మెత్తబడటానికి ఆ మాత్రం టైము పడుతుంది. చున్నీయో, కొంగో నిండా కప్పుకుని పడుకో, ఎవరేమనుకుంటారోనన్న దిగులు పోతుంది. వెల్లకిలా పడుకున్నప్పుడు నడుం కింద చెయ్యి దూర్చి చూడు. సులువుగా దూరి ఖాళీ మిగిలితే అది నీకు గట్టిది. చెయ్యి అసలు పట్టకుండా కూరుకుపోతే మెత్తది. అటు ఇటు తిరిగి చూడు. తిరగడానికి బలం పెట్టాల్సి వస్తే రాత్రి నీకు నిద్ర తెగుతుంది.

తరవాత లోపలేముందో అడుగు. "మెమరీ ఫోమ్ పరుపు" అని రాసినవాటిలో చాలావాటికి పైన ఒక అంగుళమో రెండంగుళాలో మాత్రమే మెమరీ ఫోమ్, కింద మామూలు ఫోమ్ ఉంటుంది. అది మోసం కాదు, నిజానికి అలా ఉండటమే మంచిది. ఏ పొర ఎంత మందమో, ఏ డెన్సిటీయో చెప్పకపోవడం తప్పు. డెన్సిటీ అంటే ఘనపు మీటరుకి ఎన్ని కిలోల బరువు అని. మెమరీ పొర 50 కన్నా తక్కువుంటే తొందరగా గుంట పడుతుందని లెక్కేసుకో. షాపతను చెప్పింది నిజమో కాదో తూకంతో పట్టుకోవచ్చు. ఆరడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు, రెండంగుళాల మందం ఉన్న మెమరీ ఫోమ్ టాపర్ 50 డెన్సిటీదైతే ఏడు కిలోలుంటుంది. నాలుగు కిలోలకి కొంచెం పైన తూగితే అది 30 డెన్సిటీది. టాపర్ అంటే పాత పరుపు మీద వేసుకునే పలచని పరుపు. దీన్ని చేత్తో ఎత్తి చూడు, తేడా నీకే తెలుస్తుంది.

మంచం కొలత ఇంట్లోంచే రాసుకుని వెళ్ళు. పెళ్ళినాటి టేకు మంచాలు ఆరుంబావు అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉంటాయి. ఆన్‌లైన్‌లో దొరికే క్వీన్, కింగ్ సైజులు వాటికి సరిపడవు. లోపలి కొలత అంగుళాల్లో తీసుకో. నవారు మంచం మీద, కుంగిన ప్లైవుడ్ మీద ఏ ఫోమ్ వేసినా ఆ వంపే పరుపుకీ వస్తుంది. ముందు మంచం బాగుచేయించు. చెక్క పట్టీలున్న మంచమైతే పట్టీకీ పట్టీకీ మధ్య మూడంగుళాలకి మించి సందు లేకుండా చూసుకో.

కంపెనీల సంగతి ఎక్కువ చెప్పను. మనకి ఒకప్పుడు కాయిర్ పరుపంటే "కర్లాన్" అనే పేరే. 1962లో పుట్టిన ఆ కంపెనీని 2023లో స్లీప్‌వెల్ వాళ్ళు, అంటే షీలా ఫోమ్, కొనుక్కున్నారు. సెంచురీ మన హైదరాబాద్‌దే. వేక్‌ఫిట్ లాంటివాళ్ళు వచ్చాక పరుపు చుట్ట చుట్టి పెట్టెలో ఇంటికొస్తోంది, నూరు రాత్రులు పడుకుని నచ్చకపోతే వెనక్కి ఇవ్వచ్చంటున్నారు. ఆ సదుపాయం నిజంగా వాడుకో. తిరిగి ఎవరొచ్చి తీసుకెళ్తారు, డబ్బు ఎన్నాళ్ళకి వస్తుంది, మరక పడితే ఒప్పుకుంటారా అన్నవి ముందే రాతపూర్వకంగా చూసుకో. వారంటీ కాగితంలో ఎంత లోతు గుంట పడితే మారుస్తారో రాసి ఉంటుంది. పదేళ్ళ వారంటీ అన్న పెద్ద అక్షరాల కన్నా ఆ చిన్న అక్షరాలే నీకు పనికొస్తాయి. పెట్టె విప్పగానే రసాయనాల వాసన వస్తుంది. కిటికీలు తీసి రెండు మూడు రోజులు ఆరనిచ్చి అప్పుడు పడుకోండి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్ళుంటే వాసన పూర్తిగా పోయేదాకా ఆగండి.

ఒక్క అలవాటు మాత్రం మార్చుకోవాలి. దూది పరుపుల్ని మేడ మీద ఎండలో వేసి, కర్రతో కొట్టి దులిపేవాళ్ళం. ఫోమ్‌ని ఎండలో వేయకూడదు. ఎండ తగిలితే పచ్చబడి, పెళుసెక్కి, పొడి రాలుతుంది. గదిలోనే గోడకి ఆనించి ఫ్యాను గాలికి ఆరబెట్టాలి. నీళ్ళు తగలనివ్వకూడదు, నూలు కవరు వేసి దాన్ని ఉతుక్కోవాలి.

దూది పరుపుల మాట వచ్చింది కాబట్టి అంటున్నాను. పాత బూరుగు దూది పరుపు ఇంట్లో ఉంటే పారేయకు. విల్లు టంగుటంగుమని మోగిస్తూ వీధిలోకి వచ్చి దూది ఏకిన మనుషులు మన బాల్యానికి తెలుసు. దూదేకులవాళ్ళ చేతిపని అది. పోతులూరి వీరబ్రహ్మంగారి శిష్యుడు సిద్దయ్య దూదేకులవాడే. ఇప్పుడు యంత్రం మీద ఏకుతున్నారు, అంతే. గడ్డలు కట్టిన దూదిని విప్పి, ఏకించి, కొత్త గుడ్డలో కుట్టిస్తే అది మళ్ళీ లేచి కూర్చుంటుంది. ఫోమ్ ఒకసారి కుంగితే దానికి రెండో పుట్టుక లేదు. చెత్తబండివాళ్ళు కూడా తీసుకెళ్ళడానికి సణుగుతారు. ఈ లెక్క కూడా ఖర్చులో వేసుకోవాలి.

మరి ఏం చేయమంటావు అంటావా? పక్కకి తిరిగి పడుకునే అలవాటుండి, భుజం నొప్పి ఉండి, వేడి పడని ఒళ్ళయితే, మీ ఆయనకేమో మెత్తటి పరుపు పడదంటే, ఇద్దరికీ ఒకే పరుపు ఎందుకు? ఆరడుగుల వెడల్పు మంచం మీద మూడేసి అడుగుల సింగిల్ పరుపులు రెండు పక్కపక్కన వేసుకోవచ్చు, పైన ఒకటే దుప్పటి. రెండూ మధ్యస్థంగా గట్టిగా ఉండేవే తీసుకో, మందంలో మాత్రం నీది రెండంగుళాలు తగ్గించి చేయించు. దాని మీద రెండంగుళాల మెమరీ ఫోమ్ టాపర్ వేస్తే రెండు వైపులా మట్టం కుదురుతుంది. మొత్తం మెమరీ ఫోమ్ పరుపుకి పెట్టేదానికన్నా తక్కువలోనే అయిపోవచ్చు, ధర రెండు చోట్ల అడుగు. ఉగాది దాటి ఎండ ముదిరాక నీ టాపర్ తీసి, మడత పెట్టకుండా వదులుగా చుట్టి, పైన బరువు పెట్టకుండా అటక మీద దాచు. నీ వైపు ఆ రెండంగుళాలు తగ్గినా పరవాలేదు, దాని బదులు పాత దూది బొంత ఒకటి మడిచి వేసుకో. తొలకరి పడి రాత్రుళ్ళు చల్లబడ్డాక మళ్ళీ దించుకో. షాపుకి వెళ్ళేటప్పుడు ఆయన్ని తీసుకెళ్ళు, ఇద్దరూ పడుకుని చూడండి. నీ వైపు పరుపు నువ్వే ఎంచుకో.